గడప యెదుట కోరని కట్ట

క్రిందటి నెల ఈ పుటలలో ఎండుమిరపకాయలు నిలువచేయు విధమును గూర్చి ముచ్చటించితిమి. ఈ నెల ఊరగాయ జాడీలను గూర్చి వ్రాయుదుమని మాట యిచ్చియుంటిమి. ఆ మాట తప్పుచున్నందులకు మన్నింపుడు. ఇంటిలో జరిగిన యొక సంగతి మా మనస్సును పట్టుకొని విడువకున్నది. చిన్న సంగతియే యైనను అది రేపు మీ గుమ్మములకును రాదగినదే కనుక, దానినే మీ యెదుట పెట్టుచున్నాము.

మా జూపాడు బంగ్లా నందికొట్కూరునుండి ఆత్మకూరు పోవు బాటమీది యూరు. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన నంద్యాల జిల్లా యేర్పడినది మొదలు మేము నంద్యాల జిల్లావారము. అంతకుముందు కర్నూలు జిల్లావారము. మా యత్తగారు కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఇంటికి పార్సిలు వచ్చుట యనగా వీధివారందరును గుమిగూడి చూచునంతటి వింత. ఇప్పుడో, మోటారుసైకిలు వెనుక పెద్దసంచి కట్టుకొని కొరియరు అబ్బాయి మా వీధికి రాని దినము లేదు. అంగడికి పోయి బేరమాడి, చేతితో తడవి, ఇష్టము లేనిచో లేచి వచ్చు స్వాతంత్ర్యము మనకు పూర్వమునుండి కలదు. అంగడియే మన గుమ్మమునకు వచ్చినప్పుడు ఆ స్వాతంత్ర్యము ఎక్కడికో జారిపోవుచున్నది. వచ్చినదానిని వలదనుటకు మనకు నోరు రాకున్నది.

మొన్న యొక మధ్యాహ్నము మావారు బడిలో నుండిరి. మేము బ్యాంకు పనిమీద నందికొట్కూరు వెళ్లితిమి. ఇంట అత్తగారొక్కరే. కొరియరు అబ్బాయి వచ్చి, "అమ్మా, సారు పేరు మీద పార్సిలు వచ్చింది. 849 రూపాయలు ఇయ్యాల" అనెను. కట్టమీద మావారి పేరు, వీధి పేరు, ఫోను నంబరు అన్నియు సరిగానే యున్నవి. కొడుకు పుస్తకములు తెప్పించుకొనియుండునని అత్తగారు తలచిరి. కండ్లజోడు మార్పించుకొనుటకై నెలనెలయు కొంతకొంత కూడబెట్టి బియ్యపుడబ్బాలో దాచుకొన్న రొక్కమునుండి లెక్కించి యిచ్చిరి. ఎండన బడి వచ్చినాడని అబ్బాయికి మజ్జిగయు నిచ్చి పంపిరి.

సాయంకాలము మావారు వచ్చి, "నేనేమియు తెప్పింపలేదే" యనిరి. విప్పి చూడగా నందులో ఒక చేతిగడియారము. ముల్లు కదలదు, పట్టా చీలియున్నది. పంపినవాని చిరునామా సగమే కలదు. ఇచ్చిన ఫోను నంబరునకు పలుకువారు లేరు. ఆ రాత్రి అత్తగారు అన్నము ముట్టలేదు. మావారు డబ్బు తీసి యిచ్చినను పుచ్చుకొనలేదు. "డబ్బు పోయిందని కాదు నాయనా, నాకు తెలివి చాలలేదని" యనిరి. ఆ మాట మమ్ము కలచివేసెను. నలుబదియేండ్లు సంసారము నడపి, కాణీ లెక్క తప్పనియామె, ఆ దినము మొదలు తలుపు తట్టిన చప్పుడైనచో, "నువ్వే పో అమ్మా" యని మమ్ము పంపుచు వచ్చిరి. మోసగాడు తీసికొనిపోయినది 849 రూపాయలు మాత్రము కాదు. తన యింటి గడపమీద తనకున్న ధైర్యమును గూడ తీసికొనిపోయెను. ఇందులకే యీ వ్యాసము.

ఇది క్రొత్త మోసమని తలపరాదు. వెల గుమ్మమున చెల్లించి వస్తువు పుచ్చుకొను పద్ధతి మన దేశమున 1877లోనే తపాలావారు పెట్టిరి. దానినే మన పెద్దలు వి.పి. యనిరి. తపాలా జవాను కట్టను తెచ్చును. వెల చెల్లించినగాని చేతికీయడు. ఆ రొక్కమును తపాలాశాఖ పంపినవానికి చేర్చును. మందులు, పుస్తకములు, పత్రికల చందాలు నెన్నో యీ దారినే నడచెను. అడుగనివారికిని కట్టలు పంపువారు ఆనాడే యుండిరి కాబోలు, 1898 నాటి తపాలా చట్టము ముందుచూపుతో రెండు కట్టుబాట్లకు చోటిచ్చెను. కొనువాడు నిజముగా కోరినందుననే పంపుచున్నానని పంపువానిచేత చెప్పించుట యొకటి. మోసము తేలినచో వసూలైన రొక్కమును నిలిపి, చెల్లించినవారికే తిరిగి యిచ్చుట రెండవది. ఆ చట్టము స్థానమున 2023 నాటి తపాలా చట్టము వచ్చి 2024 జూను 18వ తేదీనుండి అమలగుచున్నది. కాలము మారినను గుమ్మము మారలేదు. గుమ్మమున నిలుచు స్త్రీయు మారలేదు.

ఇక మనము చేయవలసినదేమి?

మొదటిది, ఇంటిలో కట్టుబాటు. ఎవరేమి తెప్పించినను, వెల ముందే చెల్లించినదో గుమ్మమున చెల్లింపవలసినదో, ఏ దినమునకు వచ్చునో ఇంటనున్నవారికి చెప్పవలెను. మా యింట ఇప్పుడు వంటయింటి గోడకు క్యాలెండరు ప్రక్కన ఒక కాగితము వ్రేలాడుచున్నది. అందులో వ్రాయనిదానికి రొక్కమీయరాదని నియమము. మావారే యొకనాడు వ్రాయ మరచి, తమ బూట్లజత వెనుకకు పోగా నవ్వుచు ఊరకుండిరి.

రెండవది, వలదను విధము. వెల చెల్లింపవలసిన కట్టను నిరాకరించుటకు మనము కారణము చెప్పనక్కరలేదు. "మేము తెప్పింపలేదు, తీసికొనము" అని చెప్పిన చాలును. సంతకము చేయరాదు. ఫోనునకు వచ్చిన ఓటీపీ చెప్పరాదు; ఆ అంకెలు చెప్పుటయే కట్ట ముట్టినదని యొప్పుకొనుట. "వద్దంటే రద్దు చేయడానికి ఓటీపీ చెప్పండి" అని యెవరైన ఫోనులో నడిగినచో అది వల. పుచ్చుకొననిదానికి ఓటీపీతో పనియేమి? "తెరిచి చూచుకోండి, బాగా లేకుంటే వాపసు" అను తీపిమాటకును లొంగరాదు. డబ్బు చెల్లించి తెరచిన పిమ్మట గుమ్మమున నిలుచువాడు మనమాట వినవలసిన పనిలేదు. వస్తువును తెరచి చూపి యిచ్చు బట్వాడా పద్ధతియు కొన్ని వస్తువులకు కలదు. అది ముందే కోరుకొన్నప్పుడు మాత్రము చెల్లును.

ఇచ్చట నొక హెచ్చరిక. నిరాకరించుట నేర్చితిమి గదా యని న్యాయస్థానపు నోటీసులను, ప్రభుత్వపు ఉత్తరములను తిరుగగొట్టరాదు. అడుగని గడియారమును వలదన్నచో అది పోవును; సమనును వలదన్నచో అది పోదు. సివిలు ప్రొసీజరు కోడు ప్రకారము, సమను తీసికొన నిరాకరించినట్లు తపాలావారు వ్రాసి తిప్పిపంపినచో, అది ముట్టినట్లే న్యాయస్థానము ఎంచును. పొలము గట్టు తగవులో నోటీసును తీసికొనకుండుటయే తెలివియని తలచువారు మన పల్లెలలో నిప్పటికిని కలరు. దానివలన మన మాట వినిపించుకొను సమయము పోవును గాని తగవు పోదు. రొక్కమడుగు కట్టకు వలదనుడు. కాగితము తెచ్చు ఉత్తరమును తీసికొని చదువుకొనుడు.

మూడవది, పుచ్చుకొన్న తరువాత తప్పు తెలిసినచో చేయవలసినది. ఇచ్చట మన దేశపు పాత చట్టములు మనకు తోడు. 1930 నాటి సరకుల విక్రయ చట్టము, కొన్న సరకును పరీక్షించుకొను హక్కు మనకిచ్చినది. హక్కుగలిగి నిరాకరించిన సరకును మనమే మోసికొనిపోయి అప్పగింపనక్కరలేదు. తీసికొనమని అమ్మినవానికి తెలిపిన చాలునని ఆ చట్టమే చెప్పుచున్నది. కాని, తెలుపక చాలదినములు అట్టిపెట్టినచో, లేక మనదే యన్నట్లు వాడినచో, అంగీకరించినట్లే యగును. కనుక చెప్పవలసినది వెంటనే చెప్పుడు. అంతవరకు వస్తువును వాడకుడు. కట్టను విప్పునప్పుడే మొదటినుండి తుదివరకు ఫోనులో వీడియో తీయించుడు, పైచీటిని చింపకుడు. తిరిగి తీసికొనిపోవువానికి కట్ట నిచ్చినప్పుడు రసీదో, ఫోనునకు వచ్చిన సందేశమో లేక కట్టను చేతినుండి విడువకుడు.

ఇంటర్నెట్టులో అమ్మువారికి 2020 నాటి నియమములు వేరుగా కలవు. లోపముగల సరకును, నకిలీ సరకును, ప్రకటించినట్లు లేని సరకును తిరిగి తీసికొనమని అమ్మకందారు అనరాదు. వెల తిరిగి యీయననరాదు. ఫిర్యాదు వినుటకొక అధికారిని వారు పెట్టుకొనవలెను. ఆ యధికారి 48 గంటలలో ఫిర్యాదు ముట్టినదని తెలిపి, నెలలోపల తీర్చవలెను. అంగడి తానే ముందుగా టిక్కు పెట్టియుంచిన గడిని మన సమ్మతిగా లెక్కింపరాదు. మనమడుగని వస్తువును మన బుట్టలో దూర్చి వెల కలుపు జిత్తును గూడ 2023 నవంబరు 30వ తేదీ మార్గదర్శకములు పదుమూడు జిత్తులలో నొకటిగా నెంచి నిషేధించినవి. వారు వినకున్నచో 1915 అను నంబరునకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు చెప్పుకొనవచ్చును. అచ్చటను తీరనిచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 5 లక్షల రూపాయలవరకు వెలగల వ్యవహారమునకు ఫిర్యాదు రుసుము లేదు. తగవు పుట్టిన రెండేండ్లలోపల వేయవలెను. ఫోనుద్వారా డబ్బు కాజేసిన మోసమైనచో ఆలసింపక 1930కి ఫోను చేయవలెను. మొదటి గడియలు విలువైనవి.

మా 849 రూపాయలు తిరిగి వచ్చినవా యని మీరడుగుదురు. రాలేదు. ఫిర్యాదు చేసితిమి; పంపినవాని జాడ తెలియలేదు. దాచనేల?

అయినను కథ యంతటితో ముగియలేదు. మూడువారములకు మా యమ్మాయికై తెప్పించిన లంగా వచ్చినది. వెల ముందే చెల్లించితిమి. విప్పగా నందులో రెండు లంగాలు! ఒకటి మేమడిగిన ఆకుపచ్చది. రెండవది అంతకంటె వెలగల జరీ లంగా. అమ్మాయి దానిని ఒంటికి పట్టుకొని అద్దము ముందునుండి కదలదు. ప్రక్కింటి వదినగారు వచ్చి, "దేవుడే ఇప్పించినాడు వదినా. పోయిన 849 ఇట్ల వచ్చింది. ఊరక పెట్టుకో" అనిరి. నిజము చెప్పవలెనన్న, మా మనస్సునకును ఆ మాట తీయగానే తోచెను. మమ్ము మోసగించినవాడొకడు, ఈ లంగా పంపినవాడు మరియొకడు. ఐనను పోగొట్టుకొన్న మనస్సునకు ఆ భేదము కానరాదు. లోకమంతయు ఒక్క అంగడివలె తోచి, దానివద్ద మన బాకీ యున్నట్లుండును.

అత్తగారు పీటమీద కూర్చుండి వినుచుండిరి. రాత్రులందు ఆమెకు మేము భాగవతము చదివి వినిపించుట వాడుక. "ఆ రాజు కథ ఏమమ్మా, బావిలో ఊసరవెల్లి అయి పడి ఉన్నాడే, ఆయన చేసిన తప్పేమి?" అని యడిగిరి. నృగమహారాజు కథ మీరెరుగుదురు. లెక్కలేనన్ని గోవులను దానము చేసిన పుణ్యాత్ముడు. ఒకరికి దానమిచ్చిన ఆవు తప్పిపోయి తిరిగి ఆయన మందలో కలిసెను. ఆయన యెరుగక దానిని మరియొకరికి దానము చేసెను. ఇద్దరును నాదనగా నాదనిరి, తగవు తీరలేదు. అంతటి దాతకు ఊసరవెల్లి జన్మము ప్రాప్తించెను. "తెలీక కలిసిన ఆవుకే అంత అయితే, తెలిసి పెట్టుకున్న లంగాకు ఎంత?" అని అత్తగారనిరి. అమ్మాయి ఏమియు అనక లంగాను మడత పెట్టెను.

మేము మరునాడు మావారిచేత చట్టము చూపించుకొంటిమి. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 70వ సెక్షనులో అచ్చముగా మా యింటి సంగతియే ఉదాహరణముగా నున్నది. ఒక వర్తకుడు పొరపాటున ఒకరి యింట సరకు విడిచిపోయెను; ఆ యింటివారు దానిని తమదిగా వాడుకొనిరి; వారు వెల చెల్లింపవలసినవారే యని దాని యర్థము. అమెరికాలో 1970లోను, ఇంగ్లండులో 1971లోను చేసిన చట్టములు, అడుగక పంపిన సరకును పొందినవారు కానుకగా ఉంచుకొన వీలు కల్పించెను. బలవంతపు వర్తకమును అణచుటకై చేసినవవి. పొరపాటున వచ్చిన సరకు వేరు. మన దేశమున ఆ మాటలు విని వచ్చినదెల్ల మనదనుకొనుట క్షేమము కాదు.

తిరిగి పంపుట తేలిక కాలేదు. మూడుమార్లు ఫోను చేసితిమి. అవతలివారికి మా మాటయే అర్థము కాలేదు. తక్కువ వచ్చినదని ఫిర్యాదు చేయువారిని వారెరుగుదురు గాని, ఎక్కువ వచ్చినదని చెప్పువారిని ఎరుగరు. ఆరవ దినమున ఆ కొరియరు అబ్బాయియే వచ్చి తీసికొనిపోయెను. వెనుక గడియారము తెచ్చినవాడును అతడే. అత్తగారు అతనిని చూచి మొగము త్రిప్పుకొనిరి. అప్పుడతడు, "అవ్వా, లోపల ఏముందో మాకూ తెలీదు. ఇచ్చిన పార్సిలుకు ఇంతని మాకు కూలి. మీరు తీసుకోకుంటే ఆ కూలి రాదు, అంతే. కానీ మీ డబ్బు పోయిందని విని నాకు ఆ పొద్దు అన్నం సయించలేదు" అనెను. అత్తగారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట లోనికి పోయి మజ్జిగ తెచ్చి యిచ్చిరి.

సోదరీమణులారా, వలదనునప్పుడు మనము మరువరాని సంగతి యిది. కట్ట తెచ్చువాడు మోసగాడు కాడు. ఎండవానలలో తిరిగి పొట్ట పోసికొను బిడ్డ. మాట గట్టిగా నుండవలెను, గొంతు మెత్తగా నుండవలెను. మనము నిజముగా తెప్పించినదానిని, మనసు మారినదని గుమ్మమున తిరుగగొట్టుట వేరొక తప్పు. వలదనుకొన్నచో బయలుదేరకముందే రద్దు చేయవలెను. పూర్వము పత్రికలవారు చందాదారులకు వి.పి. పంపి, అది తిరిగి వచ్చినచో తపాలా ఖర్చు తామే భరించి నష్టపోయెడివారు. ఇప్పుడు పేరంటమునకు చీర తెప్పించి, ఒకపూట కట్టి, చెమట ఆరబెట్టి, కొలత కుదరలేదని తిరిగి పంపువారు మనలోను కలరు. ఆ చీర మరియొక సోదరికి క్రొత్తదిగా చేరును. మనకు చెడ్డ గడియారము పంపినవానికిని, ఆమెకు కట్టిన చీర పంపినవారికిని భేదమేమో మీరే చెప్పుడు.

మరియొక మాట. వెల యడుగక, ఎవరు పంపిరో తెలియక వచ్చు చిన్నకట్టలును కలవు. అమ్మకము జరిగినట్లు చూపి, మన పేర తామే మెప్పులు వ్రాసికొనుటకై కొందరు వర్తకులు అట్లు పంపుదురు. మన పేరును చిరునామాయు బయటివారి చేతబడినవని దానివలన తెలిసికొనవలెను. లోపలి చీటిమీది క్యూఆర్ కోడును ఫోనుతో చూడరాదు. 2020లో అమెరికాలోను మరికొన్ని దేశములలోను కోరని విత్తనపు పొట్లములు ఇండ్లకు వచ్చెను. నాటవలదని ఆ ప్రభుత్వములు చాటెను. ఆ యేడు ఆగస్టులో మన కేంద్ర వ్యవసాయశాఖయు రాష్ట్రములను హెచ్చరించెను. క్రొత్త తెగులో, కలుపుమొక్కయో వానితో రావచ్చునని భయము. సేద్యమే జీవనమైన మా వంటి యూళ్లలో, పెరటిలో వేసి చూతమను ముచ్చట ఎంత ముప్పు తెచ్చునో వేరుగ చెప్పనేల? అట్టివి వచ్చినచో వ్యవసాయాధికారికి అప్పగింపుడు.

"మీ పేర వచ్చిన పార్సిలులో మత్తుమందు దొరికినది, మేము పోలీసులము, వీడియోలో కదలక కూర్చుండుడు" అని బెదరించు ఫోనులును ఈ జాతివే. ఫోనులో అరెస్టు చేయు పద్ధతి మన చట్టమున లేదు. ఫోను పెట్టివేసి 1930కి చెప్పుడు.

మొన్న శుక్రవారము మరల నొక కట్ట వచ్చినది, 599 రూపాయలట. మేము వంటయింట నుంటిమి. తలుపు చప్పుడైనది. "నువ్వే పో అమ్మా" అను మాటకై చెవి యొగ్గితిమి. అది వినరాలేదు. అత్తగారు లేచి, క్యాలెండరు ప్రక్క కాగితమును పాత కండ్లజోడుతో దగ్గరగా పట్టి చూచి, గుమ్మమునకు నడచిరి. "మేము రాసుకోలేదు నాయనా, ఇది మాది కాదు. తీసుకొని పో. ఎండగా ఉంది, నీళ్లు తాగి పో" అనిరి.

క్రొత్త కండ్లజోడు వచ్చే నెలలో. కొడుకు డబ్బును ఆమె యిప్పటికిని పుచ్చుకొనలేదు. బియ్యపుడబ్బాలో మరల మొదటినుండి కూడబెట్టిరి. ఊరగాయ జాడీల సంగతియు వచ్చే నెలలోనే వ్రాయుదుము. అంతలో మీ యింటి గోడకును ఒక కాగితము కట్టుకొనుడు.